పెన్‌డ్రైవ్, రొయ్యల గుంట లెక్కలు, మా మరిది

"ఫార్మాట్ కొడితే పోతాది లే వదినా" అన్న మాట సాయంత్రం నుంచి చెవిలో తిరుగుతూనే ఉంది. నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. అన్నది మా మరిది, పోతాదన్నది పెన్‌డ్రైవ్‌కు పట్టిన వైరస్. ఇందుకూరుపేట వైపున్న గుంటల మేత బిల్లులు, కూలీల లెక్కలు, లీజు కాగితాల స్కాన్లు అన్నీ ఉన్న పెన్‌డ్రైవ్‌ను, నేను వంటింట్లో ఉన్న సమయం చూసి, ఒక్క మాటైనా అడగకుండా ఫార్మాట్ చేసి, అంటే అందులో ఉన్నదంతా చెరిపేసి, ఘనకార్యం చేసినట్టు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

లీజు కాగితం ప్రింటు కోసం మా వారు నిన్న ట్రంకురోడ్డు పక్క సందులో ఉన్న జెరాక్స్ షాపుకు ఆ పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళారు. తిరిగి తెచ్చి ఇంట్లో కంప్యూటరుకు పెట్టేసరికి ఫోల్డర్లన్నీ ఉన్నట్టే ఉన్నాయి గానీ, ఒక్కొక్కదాని మూలన చిన్న బాణం మొలిచింది. అవి ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్లు, అంటే వేరే చోట ఉన్నదాన్ని తెరిచే మీటల్లాంటివి. వార్మ్ అంటే ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి తనంతట తాను పాకే వైరస్ లాంటి ప్రోగ్రాము. ఈ రకం వార్మ్ అసలు ఫోల్డర్లకు హిడెన్, సిస్టమ్ అనే గుర్తులు తగిలించి కంటికి కనిపించకుండా చేస్తుంది. వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పుట్టిస్తుంది. మనం రెండుసార్లు నొక్కగానే ముందు తాను నడిచి, వెనువెంటనే అసలు ఫోల్డరును కూడా తెరిచి చూపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మా వారు నొక్కారు, లెక్కలు కనిపించాయి, "బాగానే ఉంది గదా" అన్నారు. ఆ పాటికే అది కంప్యూటరులో తన ప్రతిని దాచుకొని, ఆన్ చేసిన ప్రతిసారీ తానూ మేలుకొనే ఏర్పాటు చేసుకొని, ఇక ఏ పెన్‌డ్రైవ్ పెడతారా అని కాచుకొని ఉంది.

అంటే ఫార్మాట్ కొట్టేదాకా లెక్కల్లో ఒక్క అంకె కూడా పోలేదు. కంప్యూటరులో ఆ వార్మ్‌ను ఆపి, ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్టు అనే కిటికీలో ఆట్రిబ్ అనే ఆదేశంతో ఆ గుర్తులు తీసేసి ఉంటే అన్నీ ఎక్కడివక్కడ కనిపించేవి. వాటిని చెరిపింది వార్మ్ కాదు, మా మరిది. పైగా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌ను అదే కంప్యూటరుకు మళ్ళీ గుచ్చి కొత్త ఫోల్డరు ఒకటి పెట్టగానే దానికీ బాణం వచ్చింది. అది చూసి కూడా అతను, "అయితే ఇంకోసారి కొడదాం" అన్నాడు. మేత లెక్కల పాత ప్రతి ఒకటి నా మెయిల్లో దొరికింది, సంతోషమే. దొరకకపోయి ఉంటే ఏం చేసేవాడో అడగాలని ఉంది.

ఈ ఫార్మాట్ పిచ్చిని నేను మొదట చూసింది కావలిలో, మా పుట్టింట్లో. 2003 ఆగస్టు. అన్నయ్య కంప్యూటరులో విండోస్ ఎక్స్‌పీ, టెలిఫోను తీగ మీద నెట్టు. నెట్టు కలిపిన కాసేపటికే తెర మీద ఒక పెట్టె వచ్చి, సిస్టమ్ మూతపడబోతోందని చెప్పి 60 నుంచి వెనక్కి లెక్కపెట్టేది. కరెంటు హెచ్చుతగ్గులనుకొని అమ్మ స్టెబిలైజరును తిట్టింది. కంప్యూటరు అమర్చిపెట్టిన అతను స్కూటరు మీద వచ్చి, అంతా ఫార్మాట్ చేసి, పాత సీడీతోనే ఎక్స్‌పీ ఎక్కించి, డబ్బులు తీసుకొని వెళ్ళాడు. నెట్టు కలపగానే మళ్ళీ అదే పెట్టె. అది ఆ నెల 11న బయటపడిన బ్లాస్టర్ అనే వార్మ్. దానికి మనం ఏదీ నొక్కనవసరం లేదు. వేరే యంత్రాలు అడిగే పనులను అందుకునే, విండోస్‌లోని ఆర్‌పీసీ అనే సేవలో ఉన్న లోపాన్ని పట్టుకొని నేరుగా దూరేది. ఎదుటి యంత్రంలో ఉన్నది ఎక్స్‌పీయో విండోస్ 2000యో దానికి తెలియదు కాబట్టి ఊహించేది, ఊహ తప్పితే ఆ సేవ కుప్పకూలి యంత్రం మూతపడేది. తర్వాత చదివి తెలుసుకున్న సంగతి ఇది: ఆ పెట్టెను చూసి మేము హడలిపోయిన సమయంలో చాలావరకు అది లోపలికి రావడంలో విఫలమవుతోందన్నమాట! ఆ లోపానికి మందు మైక్రోసాఫ్ట్ జూలై 16నే విడుదల చేసింది. అయితే దాన్ని దింపుకోవాలంటే నెట్టు కలపాలి, కలిపితే యంత్రం మూతపడేది. చివరికి అన్నయ్య స్నేహితుడు సీడీలో తెచ్చి వేశాడు. ఫార్మాట్ పురుగును తీసిందే గానీ, అది వచ్చిన దారిని మూయలేదు.

ఇప్పటి వార్మ్‌కు అంత సత్తా అక్కరలేదు. 2008లో వచ్చిన కాన్‌ఫికర్ అనే వార్మ్ నెట్‌వర్కు గుండానే కాక పెన్‌డ్రైవ్ పెట్టగానే తనంతట తాను నడిచే ఆటోరన్ ద్వారా కూడా వ్యాపించేది. పాత విండోస్‌లలో కూడా పెన్‌డ్రైవ్‌లకు ఆ సౌకర్యాన్ని 2011లో కట్టేశారు. అందుకే ఇలాంటివి మన వేలి మీద ఆధారపడతాయి.

ఇంతవరకూ రాశాక ఆ వార్మ్‌ను నేను మరీ వెనకేసుకొస్తున్నానేమో అనిపిస్తోంది. ఇందాక చూస్తే విండోస్‌తో పాటే వచ్చే వైరస్ కాపలా ప్రోగ్రాము డిఫెండర్ ఆపివేసి ఉంది, మేము ఆపలేదు. నిన్నటి నుంచి యంత్రం ఈడుస్తోంది. ఇటువంటివి వెనకాలే పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాములను కూడా రప్పించగలవు. ఏమి రప్పించిందో తెలియనప్పుడు, కావలసినవి జాగ్రత్త చేసుకొని కంప్యూటరును పూర్తిగా తుడిచి విండోస్ కొత్తగా ఎక్కించడమే అన్నిటికన్నా నమ్మకమైన మార్గం. అంటే మా మరిది చెప్పిన మందు సరైనదే, వేసింది మాత్రం వేరే రోగికి. ఈ సంగతి అతనికి ఇప్పుడప్పుడే చెప్పదలచుకోలేదు.

అయినా తుడిచి కూర్చుంటే చాలదు. 1994లో గుంటలకు వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు వచ్చినప్పుడు కొందరు రాత్రికి రాత్రి తెగులు నీళ్ళు కాలువలోకి వదిలేస్తే, పక్కవాళ్ళ మోటార్లు ఆ నీళ్ళనే తోడుకున్నాయని మామయ్య ఇప్పటికీ చెబుతారు. ఆయన మాత్రం ముందు చుట్టుపక్కల గుంటల వాళ్ళకు కబురు పెట్టారట. అందుకని ఇందాక మా ఆడపడుచుకు ఫోన్ చేశాను. ఉదయం ఆమె తన పెన్‌డ్రైవ్‌లోకి పెళ్ళి ఫోటోలు ఎక్కించుకొని వెళ్ళింది ఈ కంప్యూటరు నుంచే. "ఫోటోలు బాగానే వస్తున్నాయి గదా వదినా" అంది. బాగానే వస్తాయమ్మా, అదే దాని పద్ధతి, బాణాలున్నాయేమో చూసి ఇంకెక్కడా పెట్టవద్దని చెప్పాను. అప్పటికే బడిలో కంప్యూటరుకు పెట్టిందట.

జెరాక్స్ షాపు అబ్బాయికి చెబుతానంటే మా వారు వద్దంటున్నారు, పోట్లాటకు వచ్చామనుకుంటాడని. రోజంతా ఊళ్ళోవాళ్ళ పెన్‌డ్రైవ్‌లన్నీ గుచ్చించుకునే యంత్రం అది; ఎవరి నుంచి వచ్చిందో అతనికి మాత్రం ఎట్లా తెలుస్తుంది? లీజు కాగితం ఫోనులో ఉంది, ఇంకో రెండు ప్రతులు కావాలి. రేపు అతనికి ఫోను నుంచే పంపి, తెచ్చుకోవడానికి నేనే వెళ్తాను.