వాన దాదాపు అంతే, గడ్డి మాత్రం వేరు

న్యూజిలాండ్‌లో పాల ఆవుల ఫారంలో పని చేస్తున్నానంటే వరంగల్‌లో చుట్టాలందరిదీ ఒకటే మాట: "అక్కడ వానలు దండిగా పడతాయి, గడ్డికేం కొదవ!" ఈ మాట వింటే నాకు చిరాకు. నేనుండే వైకాటో ప్రాంతంలో పెద్ద ఊరు హామిల్టన్. అక్కడ ఏడాదికి పడే వాన 1,100 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. వరంగల్‌లో 1,000 దాకా పడుతుంది. ఆ కాస్త తేడాకే పచ్చిక అంతగా పెరగదు.

అసలు సంగతి వాన ఎప్పుడు పడుతుందన్నది. మనకు నూటికి ఎనభై వంతులు జూన్, సెప్టెంబరు మధ్యనే కురిసిపోతుంది. అందులో చాలా భాగం వాగుల పాలు. మిగిలిన తడిని ఎర్ర చెల్క ఎక్కువ రోజులు నిలుపుకోలేదు. మే వచ్చేసరికి 42 డిగ్రీలు దాటిన ఎండ. వైకాటోలో ప్రతి నెలా ఎంతో కొంత పడుతుంది. నడివేసవి జనవరిలోనూ పగటి వేడి సగటున 24 డిగ్రీలే. అక్కడ పెంచే రైగ్రాస్‌కు ఆ చల్లదనమే కావాలి. దానితోపాటు తెల్ల క్లోవర్ అనే పప్పుజాతి మొక్క విత్తనం చల్లుతారు, అది గాలిలోని నత్రజనిని నేలకు పడుతుంది. మంచి పచ్చిక హెక్టారుకు ఏడాదికి 15 టన్నుల దాకా మేత ఇస్తుంది, అదీ నీరంతా తీసేసి తూచిన లెక్క.

అలాగని అది ఊరికే పెరిగే గడ్డి కాదు. యూరియా చల్లుతారు. చల్లింది ఏళ్లపాటు వాగుల్లోకి దిగితే, హెక్టారుకు ఏడాదికి 190 కిలోల నత్రజని మించకూడదని 2021లో ప్రభుత్వం హద్దు పెట్టింది. వారానికోసారి నేను ప్లేట్ మీటర్ పట్టుకుని మడులన్నీ తిరుగుతాను. చేతికర్ర లాంటి కడ్డీ, దాని మీద పైకీ కిందికీ జారే పళ్లెం. గడ్డి మీద ఆనిస్తే ఒత్తును బట్టి పళ్లెం పైకి లేస్తుంది, అంకె పడుతుంది. హెక్టారుకు 2,800 కిలోల ఎండు మేత దాటిన మడిలోకి ఆవులను వదులుతాం, 1,500కు దిగగానే కంచె తీగ మార్చి పక్క మడికి తోలుతాం.

అంకె కన్నా నాకు ఆకు మీదే నమ్మకం. రైగ్రాస్ పిలక మీద ఒకేసారి మూడు ఆకులే బతుకుతాయి. నాలుగోది తొంగి చూసేసరికి మొదటిది ఎండిపోతుంది. అందుకే వంగి, పిలక విప్పి, ఆకులు లెక్కపెట్టి, మూడోది నిండే వేళకు మేపాలి. ముందే మేపితే వేరు నీరసిస్తుంది, ఆలస్యమైతే పండించిన మేత కుళ్లిపోతుంది. అక్కడా అన్నీ మంచి రోజులు కావు. 2013లో వైకాటో ఉన్న నార్త్ ఐలాండ్ మొత్తాన్ని కరువు ప్రాంతంగా ప్రకటించారు. వేసవి చివర్లో ఎండుటాకు మీద బూజు పుట్టి ఆవుల కాలేయాన్ని దెబ్బతీస్తుంది, నెలల తరబడి జింకు తాగించాలి.

మా మేనమామకు జనగామ దగ్గర గొర్రెల మంద ఉంది. "అల్లుడా, మన గడ్డి కూడా తక్కువ తిన్నది కాదు, వానాకాలంలో చూడు" అంటాడు. నిజమే. మన గడ్డికి వేడి సరిపడుతుంది. 30 డిగ్రీల పైన రైగ్రాస్ డీలా పడుతుంది, మనది తడి ఉంటే ఉరుకుతుంది. కానీ వారాల్లోనే కాడ ముదిరి, కంకి వేసి, మాంసకృత్తులు పడిపోతాయి. "పూతకొచ్చాక గొర్రె కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు" అనేది మామ మాట. మా ఫారంలో నెలలకు నెలలు చదివినా ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఇంకో కొసన మా తోడల్లుడు ఉన్నాడు. జగిత్యాల నుంచి సౌదీ వెళ్లి ఎడారిలో గొర్రెలు కాశాడు. అక్కడ ఏడాదికి 100 మిల్లీమీటర్లు పడితే గొప్ప, అదీ చలికాలంలో. కొన్ని వారాలు నేల పచ్చగా కనిపిస్తుంది, తర్వాత విదేశాల నుంచి ఓడల్లో దిగే బార్లీ బస్తాలే దిక్కు. "గొర్రెలను కాయడమంటే బస్తాలు విప్పడమే" అని నవ్వుతాడు.

మామ బీడును నా ప్లేట్ మీటర్‌తో కొలవడం కుదరదు. వానాకాలం గుట్టల మీద, కోతలయ్యాక చేలల్లో, ఎండాకాలం తుమ్మకాయల కింద, ఎరువు కోసం రైతు పిలిస్తే ఆ పొలంలో మంద. ఏ ఎకరం పేర రాయాలి ఆ మేతను? ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతల నీళ్లొచ్చిన ఊళ్లలో యాసంగి వరి కూడా వేస్తున్నారు. కోతకు, నాటుకు మధ్య చేను ఖాళీగా ఉండే రోజులు తగ్గాయి. జొన్న పోయాక మంచి చొప్ప కూడా పోయింది.

ఈసారి సెలవుకు వచ్చేసరికి మామ బోరు కింద ఇరవై గుంటల్లో సూపర్ నేపియర్ అనే మేత గడ్డి నాటించాడు. నీరు, ఎరువు తప్పకుండా అందితే బరువులో ఇది మా వైకాటో పచ్చికను దాటేస్తుంది, మన ఎండే దానికి బలం. మా అత్తకు మాత్రం కోపం. "ఆ నీళ్లు వరికి పెడితే ప్రభుత్వం కొంటుంది, గడ్డిని ఎవరు కొంటారు?" అని. మామ పలకలేదు. గొర్రెలు కాడలు వదిలేస్తున్నాయని, వాటిని ముక్కలు చేసే చాఫ్ కట్టర్ ధర కనుక్కోమని నన్ను హన్మకొండ పంపాడు.