బీరువా కింద ముసలమ్మ

హన్మకొండల మా ఇంటికి పిల్లి వచ్చి ఇయ్యాల్టికి 19 రోజులు. పిల్ల కాదు, ఎనిమిదేండ్లు ఉంటయని డాక్టర్ పండ్లు చూసి అంచనా కట్టిండు. ఎడమ చెవి కొస కత్తిరించి ఉంది. పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిందన్న గుర్తు అది.

మొదట్ల బీరువా కిందనే. రెండు పచ్చ కండ్లు తప్ప ఏం కనవడలే. "పాలు పొయ్యరా, అదే వస్తది" అన్నది అమ్మ. పెద్ద పిల్లులకు పాలు చాలామట్టుకు అరగవంటే నా మొఖం దిక్కు చూసింది, ఊర్ల పిల్లులన్నీ ఏం తాగి పెరిగినయిరా అన్నట్టు. నా భయం వేరే. పిల్లి రెండు మూడు రోజులు ముద్ద ముట్టకపోతే కాలేయంల కొవ్వు పేరుకునే ప్రమాదం ఉంటది. రెండో రాత్రి ఉప్పు, ఉల్లిగడ్డ ఏం వెయ్యకుండా చికెన్ ఉడకబెట్టి, గిన్నె బీరువా పక్కన పెట్టి, లైటు ఆర్పి పన్న. పొద్దుగాల చూస్తే గిన్నె ఖాళీ!

తర్వాత నేను చేసిందేం లేదు. కింద కూసొని ఫోన్ చూసుకున్న. అది నా దిక్కు చూస్తే మెల్లగ కండ్లు మూసి తెరిచిన. వారం పట్టింది, అది కూడా అట్లనే మూసి తెరవనీకె.

నిన్న కాజీపేట దిక్కు నుంచి రైలు కూత. మళ్ల కిందికి ఉరుకుతదనుకున్న. ఉరకలే. నా చెప్పు మీద గదువ పెట్టి పన్నది. ఇయ్యాల ఒట్టి కాళ్లతోనే తిరుగుతున్న.