శొంఠి వాసన వేసే నవంబర్

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో వృద్ధులుండే కేర్ హోమ్ ఉద్యోగంలో చేరిన మొదటి అక్టోబర్‌లోనే పార్కిన్ పేరు విన్నాను. నైట్ డ్యూటీలో నిద్ర పట్టని ఒక పెద్దావిడ, "నవంబర్ 5 వచ్చేస్తోంది, పార్కిన్ చేశావా లవ్?" అని అడిగింది. లీడ్స్ ఉన్న ఈ యార్క్‌షైర్ ప్రాంతంలో ఎవరినైనా "లవ్" అనే పిలుస్తారు, మనం చిన్నవాళ్లని "అమ్మా" అన్నట్టు. ఆవిడ తనని పేరు పెట్టి పిలవమంటుంది. మా అమ్మమ్మ ఈడు మనిషిని పేరుతో పిలవడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

పార్కిన్ అంటే ఓట్స్, శొంఠి పొడి వేసి చేసే కేకు. ఉత్తర ఇంగ్లండ్ చలికీ తడికీ గోధుమ కంటే ఓట్స్ బాగా పండేవి, అందుకే ఇక్కడి పాత వంటల్లో అవే ఎక్కువ. 1605లో పార్లమెంటును పేల్చబోయి పట్టుబడిన గై ఫాక్స్ యార్క్‌లో పుట్టినవాడే. ఆ కుట్ర బయటపడిన రోజని ఏటా నవంబర్ 5 రాత్రి పెద్ద మంటలు వేస్తారు, టపాసులు కాలుస్తారు, పార్కిన్ తింటారు. దీపావళి వెళ్లీ వెళ్లకముందే మళ్లీ టపాసుల చప్పుడు వింటుంటే, ఆ మంట చూస్తుంటే నాకు మా తెనాలి వీధిలో భోగి తెల్లవారుజాము గుర్తొస్తుంది.

మొదటిసారి పాడు చేశాను. పొద్దున పాలల్లో వేసుకునే ఓట్స్ రేకులు పోసి, పొయ్యిలోంచి తీయగానే కోశాను. ఎండిపోయి, పొడిపొడిగా రాలింది. మర్నాడు చెబితే ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది. వాడాల్సింది రేకులు కాదట, మీడియం ఓట్‌మీల్. కొని చూస్తే అచ్చం మన ఇడ్లీ రవ్వలా ఉంది. "చేసిన రోజు కొయ్యకు. డబ్బాలో పెట్టి వారం ముట్టుకోకు" అని రెండుసార్లు చెప్పింది.

రెండోసారి ఆవిడ చెప్పినట్టే చేశాను. వెన్న, ముదురు చక్కెర, గోల్డెన్ సిరప్ అనే బంగారు రంగు చక్కెర పాకం, బ్లాక్ ట్రీకిల్ కలిపి సన్నటి సెగ మీద కరిగించాలి. ట్రీకిల్ అంటే చక్కెర తయారీలో మిగిలే నల్లటి పాకం. చెంచా నుంచి తాడులా సాగి దిగుతుంది. ఆ వాసనకి చేయి తనంతట తనే నీళ్ల గిన్నె కోసం వెతికింది, అరిసెల పాకం చుక్క వేసి చూసే అలవాటు కదా! కానీ ఇక్కడ పాకం ముదరకూడదు, కరిగితే చాలు. మరిగిందంటే కేకు గట్టిపడుతుంది. అందులో ఓట్‌మీల్, పిండి, రెండు చెంచాల శొంఠి, ఒక గుడ్డు కలిపి ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర గంటకు పైగా ఉంచాను.

ఆ వారం రోజులూ డ్యూటీకి వెళ్లేటప్పుడల్లా డబ్బా మూత మీద చెయ్యి వేసి చూసేదాన్ని. వారం అయ్యాక తీస్తే పైభాగం తడితేరి, వేలికి అంటుకుంటోంది. లోపల మెత్తగా, ముదురు గోధుమ రంగులో ఉంది. ఓట్‌మీల్ పాకం తేమను నెమ్మదిగా పీల్చుకుంటుంది, అదీ ఆగడానికి కారణం.

హోమ్‌కి బయటి తిండి తేవాలంటే మేనేజర్ అనుమతి కావాలి. గోధుమ, ఓట్స్, గుడ్డు, పాలు అన్నీ కాగితం మీద రాసి డబ్బాకి అంటించాను. ఆవిడ ముక్కను బొటనవేలితో నొక్కి చూసి, వాసన చూసి, కళ్లు మూసుకుని నమిలింది.

"మా అమ్మది ఇంకాస్త నల్లగా ఉండేది లవ్."

ఈ ఏడు ట్రీకిల్ ఇంకో చెంచా ఎక్కువ వేశాను. డబ్బా ఇంకా తెరవలేదు.