బ్యాంకాక్‌లో ఆరుగురం ఎక్కడ దిగాలి?

బ్యాంకాక్‌లో హోటళ్లు చౌక అని వైజాగ్‌లో ఎవర్ని అడిగినా చెప్తారు. చెప్పేవాళ్లంతా ఫ్రెండ్స్‌తో వెళ్లొచ్చిన కుర్రాళ్లు, లేదంటే కొత్తగా పెళ్లై జంటగా వెళ్లినవాళ్లు. అత్తయ్య, మావయ్యగారు, మేమిద్దరం, పిల్లలిద్దరు, మొత్తం ఆరుగురం అనేసరికి ఆ చౌక కాస్తా ఎగిరిపోతుంది, ఎందుకంటే అక్కడ మామూలు హోటల్ గదంటే ఇద్దరికి, మహా అయితే ఒక చిన్నపిల్లాడు అదనం. మా అమ్మాయికి పన్నెండు దాటాయి కాబట్టి చాలాచోట్ల తనదీ పెద్దవాళ్ల లెక్కే. అన్నవరంలో అయితే ఒకే గది తీసుకుని కింద రెండు పరుపులు వేయించుకుంటే పనైపోతుంది. బ్యాంకాక్‌లో అయితే కౌంటర్లో అందరి పాస్‌పోర్టులూ తీసుకుంటారు, బుకింగ్‌లో రాసినదాని కంటే ఒక్కరు ఎక్కువైనా ఎక్స్‌ట్రా బెడ్ డబ్బులు కట్టమంటారు, కుదరకపోతే ఇంకో గది తీసుకోమంటారు.

సరే, రెండు గదులు తీసుకుందాం అని మా ఆయన లెక్క మొదలుపెట్టారు. సైట్‌లో 1,800 బాట్ అని ఊరించే గది పక్కన చిన్నగా రెండు ప్లస్ గుర్తులుంటే, 10 శాతం సర్వీస్ ఛార్జ్, ఆ వచ్చిన మొత్తం మీద 7 శాతం వ్యాట్ ఇంకా పడాల్సి ఉందని అర్థం. కలిపితే 2,119 దగ్గర తేలుతుంది. రెండు గదులకి 4,200 పైనే, బాట్ మన రెండున్నర రూపాయల పైమాటే కాబట్టి రాత్రికి పది పదకొండు వేలు. అంత పెట్టినా అత్తయ్యావాళ్లు ఒక అంతస్తులో, మేం ఇంకో అంతస్తులో. పక్కపక్క గదులు అడగొచ్చు గానీ ఇస్తామని ముందే మాట ఇచ్చే హోటళ్లు తక్కువ, "వచ్చాక చూద్దాం" అంటారు. మావయ్యగారికి రాత్రిపూట బీపీ మాత్ర నేనే గుర్తుచేయాలి, దానికోసం లిఫ్ట్ ఎక్కి దిగుతూ కూర్చోలేను కదా.

అందుకే రెండు పడకగదులున్న అపార్ట్‌మెంట్ వెతికాం. ఇక్కడే అసలు చిక్కు. యాప్‌లో చూస్తే అద్భుతంగా ఉంటాయి, ముప్పయ్యో అంతస్తులో హాలు, పైన స్విమ్మింగ్ పూల్, జిమ్, రేటు చూస్తే హోటల్లో సగం. ఒకాయన ఫ్లాట్ దాదాపు ఖాయం చేశాం. డబ్బు కట్టేముందు ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: కింద సెక్యూరిటీ అడిగితే ఓనర్ ఫ్రెండ్స్ అని చెప్పండి, అందరూ ఒకేసారి లోపలికి రావొద్దు, ఇద్దరిద్దరుగా రండి, తాళం లెటర్‌బాక్స్‌లో ఉంటుంది. మా ఆయన అది చదివి వినిపిస్తుంటే మావయ్యగారు పేపరు పక్కనపెట్టి, "స్టీల్ ప్లాంట్‌లో అన్నేళ్లు ఉద్యోగం చేసి, పరాయి దేశం వెళ్లి దొంగచాటుగా లిఫ్ట్ ఎక్కాలా నాయనా?" అన్నారు. అంతే, ఆ ఫ్లాట్ కథ అక్కడితో ముగిసింది.

ఆ ఫ్లాట్ ఓనర్ అలా ఎందుకు రాశాడో తర్వాత అర్థమైంది. థాయిలాండ్‌లో 2004లో వచ్చిన హోటల్ చట్టం ప్రకారం, నెలకి తక్కువగా రోజుల లెక్కన ఇల్లు అద్దెకివ్వాలంటే హోటల్ లైసెన్స్ ఉండాలి. గదులు తక్కువున్న చిన్న గెస్ట్‌హౌస్‌లకి కొంత వెసులుబాటు ఉంది గానీ, వందలాది ఫ్లాట్లుండి ఒక్కో ఫ్లాట్‌కి ఒక్కో ఓనర్ ఉండే కాండో బిల్డింగ్‌లో ఒక ఓనర్ తన ఫ్లాట్‌ని రోజువారీగా తిప్పడం దాదాపుగా ఎప్పుడూ ఆ వెసులుబాటు కిందికి రాదు. చాలా బిల్డింగుల్లో లిఫ్ట్ పక్కనే రోజువారీ అద్దెలు నిషేధం అని బోర్డు కూడా ఉంటుంది. పైగా విదేశీయులు ఇంట్లో దిగితే 24 గంటల్లోపు ఇమ్మిగ్రేషన్‌కి తెలియజేయాల్సింది ఓనరే, దొంగచాటుగా ఇచ్చేవాడు ఆ పని చేస్తాడా? ఎవరో ఏమీ కాలేదని చెప్తారు, నిజంగానే చాలామందికి ఏమీ కాదు. కానీ రాత్రి పదకొండింటికి ఇద్దరు ముసలివాళ్లతో, నిద్రలో తూలుతున్న పిల్లాడితో గేటు బయట నిలబడాల్సి వస్తే ఆ మిగిలిన డబ్బు ఏపాటి?

కాబట్టి వెతకాల్సింది సర్వీస్డ్ అపార్ట్‌మెంట్. బిల్డింగ్ మొత్తం ఒకే యాజమాన్యం, కింద రిసెప్షన్, లైసెన్స్ ఉందా అని సూటిగా అడిగితే సూటిగా చెప్తారు. అడగడానికి మొహమాటపడొద్దు. మేం తీసుకున్నది పన్నులతో కలిపి రోజుకి 3,500 బాట్‌కి దొరికింది, రెండు పడకగదులు, రెండు బాత్రూమ్‌లు, వాషింగ్ మెషీన్. రెండు హోటల్ గదుల కంటే తక్కువ, దాని మీద ఇస్త్రీ, లాండ్రీ ఖర్చు కూడా లేదు.

ఎక్కడ అన్నది రేటు కంటే పెద్ద ప్రశ్న, దీని మీద మా ఇంట్లో చిన్నపాటి యుద్ధమే జరిగింది. ప్యాకేజీ చెప్పినవాళ్లంతా ప్రాతునామ్ అన్నారు. హోల్‌సేల్ బట్టల మార్కెట్లు, ప్లాటినం మాల్, చుట్టూ ఇండియన్ భోజనం, సువర్ణభూమి ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చే రైలు రాచ్చప్రారోప్ స్టేషన్‌లో ఆగుతుంది. షాపింగ్‌కే వెళ్లేవాళ్లకి బాగుంటుంది, కానీ స్కైట్రైన్ (రోడ్ల పైన ఎత్తున నడిచే సిటీ రైలు) ఎక్కాలంటే చాలానే నడవాలి, ట్యాక్సీ ఎక్కితే ఆ ట్రాఫిక్‌లో మీటర్ తిరుగుతూనే ఉంటుంది. సుఖుమ్‌విత్‌లో నానా వైపు గదులు దండిగా ఉన్నాయి, అక్కడా మన తిండి దొరుకుతుంది. అయితే సోయ్ 4 (నాలుగో నంబరు సందు) దగ్గర సాయంత్రం నుంచి ఏం వ్యాపారం నడుస్తుందో మా ఆయనకి ఆయన ఫ్రెండ్సే చెప్పారు, టీనేజీ పిల్లతో, అత్తగారితో ఆ సందులోంచి రోజూ నడవలేం. ఖావోశాన్ రోడ్ గుళ్లకి దగ్గర, కానీ రాత్రంతా పాటల గోల, స్కైట్రైన్ అసలు అటు వెళ్లదు.

నాకు నచ్చినవి రెండు వైపులు. ఒకటి సిలోమ్ రోడ్డు చివర సురసాక్ స్టేషన్ దగ్గర. తమిళులు కట్టుకున్న మారియమ్మన్ గుడి అక్కడే ఉంది, ఆ చుట్టుపక్కల ఇడ్లీ, దోసె దొరుకుతాయి, అత్తయ్య మొహం వెలిగిపోయేది. రేట్లే కొంచెం ఎక్కువ. రెండోది ఆన్ నట్. 1999లో స్కైట్రైన్ మొదలైనప్పుడు సుఖుమ్‌విత్ వైపు ఆఖరి స్టేషన్ ఇదే, ఇప్పుడు లైను ఇంకా చాలా దూరం పెరిగింది గానీ, ఊరి నడిబొడ్డు కాదన్న పేరు మాత్రం పోలేదు, అందుకే అద్దెలు తక్కువ. ఊరి నడిబొడ్డున ఉన్న సియామ్ నుంచి తొమ్మిదో స్టేషన్. స్టేషన్ పక్కనే పెద్ద సూపర్‌మార్కెట్, పాలు, పెరుగు, అరటిపళ్లు అన్నీ అక్కడే. వాట్ ఫో గుడికి వెళ్లాలంటే అసోక్‌లో దిగి మెట్రోకి మారి సనామ్ చాయ్‌లో దిగడమే, ఎక్కడా ట్రాఫిక్ అన్న మాటే లేదు. మేం ఆన్ నట్‌లో దిగాం.

స్టేషన్‌కి "ఐదు నిమిషాలు" అని రాసిన ప్రతిచోటా మ్యాప్‌లో నడక దారి పెట్టి చూసుకోండి. బ్యాంకాక్‌లో మెయిన్ రోడ్డు నుంచి చీలే సందుల్ని సోయ్ అంటారు, వాటికి నంబర్లు, సుఖుమ్‌విత్‌లో ఒకవైపు బేసి, ఇంకోవైపు సరి. సోయ్ నంబరు స్టేషన్‌కి దగ్గరే ఉంటుంది, కానీ ఆ సందు కిలోమీటరు లోపలికి పోతుంది, మన అపార్ట్‌మెంట్ ఆ చివర ఉంటుంది. ఆర్కే బీచ్ దగ్గర అని చెప్పి పెందుర్తిలో రూము ఇచ్చినట్టే. లోకల్ జనం ఆరెంజ్ చొక్కాల బైక్ ట్యాక్సీ ఎక్కి వెళ్లిపోతారు, అత్తయ్యని ఆ బైక్ వెనక కూర్చోబెట్టగలమా? మామూలు ట్యాక్సీలో నలుగురే పడతారు, ఆరుగురం అంటే ప్రతిసారీ రెండు ట్యాక్సీలు. స్కైట్రైన్ స్టేషన్‌లో కూడా ప్రతి ఎగ్జిట్‌కీ లిఫ్ట్ ఉండదు. లిఫ్ట్ ఏ ఎగ్జిట్‌లో ఉందో, ఆ ఎగ్జిట్ మనం దిగే చోటుకి రోడ్డు ఇవతలో అవతలో ముందే చూసుకుంటే మోకాళ్ల నొప్పులవాళ్లు ఆ రోజంతా మనల్ని ఏమీ అనరు.

ఇంట్లోకి వెళ్లాక సంగతులు. బాత్రూమ్ గురించి అందరూ మొహమాటంతో అడగరు గానీ అడగాల్సింది అదే: కమోడ్ పక్కన జెట్ స్ప్రే ఉందా. థాయిలాండ్‌లో చాలాచోట్ల ఉంటుంది, ఈ ఒక్క విషయంలో వాళ్లు మనవాళ్లే. వంటగదికొస్తే, కిచెన్ అని రాస్తే గ్యాస్ పొయ్యి ఊహించుకోకండి, ఒక ఎలక్ట్రిక్ ప్లేటో ఇండక్షన్ స్టవ్వో ఉంటుంది. అత్తయ్య బ్యాగులో అడుగున చీర చుట్టి పెట్టుకొచ్చిన మూడు లీటర్ల అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద పెడితే అది వెలిగి, ఒక పీక్‌మని అరిచి ఆరిపోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ అరిచింది. "ఇదేటే, మన కుక్కరంటే దీనికి పడదేటి?" అని ఆవిడ స్టవ్‌తోనే గొడవ. అల్యూమినియం గిన్నెలు ఇండక్షన్ మీద పనిచేయవు, అడుగున అయస్కాంతం అంటుకునే స్టీల్ గిన్నె కావాలి. రిసెప్షన్‌లో అడిగితే ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ ఉచితంగా ఇచ్చారు, శనివారం ఒంటిపూట ఆవిడకి అన్నం, పెరుగు, ఆవకాయతో గడిచిపోయింది. మన లావు మూడు పిన్నుల ప్లగ్గులు అక్కడి సాకెట్లలో దూరవు, అడాప్టర్ ఒకటి పట్టుకెళ్లండి. కరెంటు మాత్రం దాదాపు మనలాగే 220-230 వోల్టులు, ఛార్జర్లకి భయం లేదు. తాలింపు పెట్టేటప్పుడు బాల్కనీ తలుపు తీయండి, స్మోక్ అలారం చాలా చురుకు.

చేరగానే వెయ్యో రెండు వేలో బాట్ డిపాజిట్ అడుగుతారు, చేతిలో నగదు ఉంచుకోండి. మన వైపు నుంచి వెళ్లే విమానాలు చాలావరకు అర్ధరాత్రి బయల్దేరి తెల్లారేసరికి దింపుతాయి, గదేమో మధ్యాహ్నం రెండింటికి గానీ ఇవ్వరు. పిల్లలూ పెద్దలూ ఉంటే ముందు రాత్రికి కూడా డబ్బు కట్టేయడం మేలని నా అభిప్రాయం, లాబీ సోఫాల్లో ఎనిమిది గంటలు కూర్చున్నాక ఆ రోజు ఎలాగూ పాడే. 2025 మే నుంచి థాయిలాండ్‌కి వెళ్లే విదేశీయులందరూ ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డ్ నింపాలి, ఉచితమే. దాంట్లో దిగే చోటు అడ్రస్ కూడా అడుగుతుంది, అందుకని జిల్లా, ఉపజిల్లా పేర్లతో సహా పూర్తి అడ్రస్ అపార్ట్‌మెంట్ వాళ్లని రాసి పంపమనండి. చట్టబద్ధంగా నడిపేవాళ్లు వెంటనే పంపుతారు, నసిగేవాళ్ల సంగతి అక్కడే తెలిసిపోతుంది.

ఎప్పుడు వెళ్లాలంటే, మన సంక్రాంతి సెలవులు వాళ్ల సీజన్‌లో పడతాయి, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రేట్లు మండిపోతాయి. వేసవి సెలవుల్లో కొంచెం దిగుతాయి, కానీ ఏప్రిల్ 13 నుంచి 15 వరకు సాంగ్‌క్రాన్, రోడ్ల మీద నీళ్ల పండగ, ఆ వారం గదులు దొరకడం కష్టం, ఎండ కూడా మన ఎండే. దసరా సెలవులు చౌక, వర్షాకాలం కాబట్టి. గట్టి వాన పడితే సోయ్‌లలో నీళ్లు నిలుస్తాయి, మెయిన్ రోడ్డుకి దగ్గరగా తీసుకుంటే ఆ బాధా తక్కువే.

మా ఆడపడుచు వాళ్లు దసరాకి వెళ్తామంటున్నారు, వాళ్లు ఎనిమిదిమంది. మూడు పడకగదుల ఫ్లాట్ చూడమంది. వద్దన్నాను, అవి తక్కువ ఉంటాయి, రేటు ఒక్కసారిగా పైకి పోతుంది. అదే బిల్డింగ్‌లో రెండు పడకగదుల ఫ్లాటొకటి, ఒక పడకగది ఫ్లాటొకటి, ఒకే అంతస్తులో ఇస్తారా అని మెయిల్ పెట్టమన్నాను, వారం పైన ఉంటే వారం రేటు ఎంతో కూడా అందులోనే అడగమన్నాను. జవాబు ఇంకా రాలేదు, రాగానే రేటెంతో ఇక్కడ రాస్తాను.