యేసయ్యతో రోజూ మాట్లాడే ఇల్లు

డాలస్‌లో పెరుగుతున్న మా పిల్లలకు చర్చికి కొదవ లేదు. ఆదివారం పొద్దున ఇంగ్లీషు ఆరాధన, సాయంత్రం తెలుగు సహవాసం, వేసవిలో వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి), క్రిస్మస్‌కు నాటిక. కంఠత వాక్యాలు అప్పజెప్పి బహుమతులు కూడా తెచ్చుకుంటారు. ఇవన్నీ మంచివే. కానీ మిగిలిన ఆరు రోజులూ పిల్లలు యేసయ్యతో ఏం మాట్లాడుకుంటున్నారు? ఆ సంగతి చర్చిలో తేలదు, ఇంట్లోనే తేలాలి. మా పిల్లలకు ఆ అలవాటు నరసాపురం దగ్గర మా అమ్మ ఇంట్లో మొదలైంది. నాలాంటి తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఒక చిక్కు గురించి చెప్పాలి. స్కూల్లో మా పెద్దదాన్ని అడుగుతుంటారు, "మీరు ఇండియన్స్ కదా, ఇక్కడికి వచ్చాక క్రిస్టియన్స్ అయ్యారా?" అని. పండగలకు తెలుగువాళ్లంతా కలిసినచోట అది క్రైస్తవుల పిల్ల, అమెరికన్ చర్చిలో ఇండియన్ పిల్ల. పద్నాలుగేళ్ల వయసులో రెండుచోట్లా కాస్త వారగా నిలబడాల్సి రావడం చిన్న విషయం కాదు. అందుకని ఊరెళ్లినప్పుడల్లా నరసాపురం, పాలకొల్లు, రాజమండ్రి తిప్పి చూపిస్తాం. విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే మిషనరీలు 1836లో ఇంగ్లండు నుంచి ఓడెక్కి ఈ గోదావరి డెల్టాకు వచ్చారు. ఒకాయన రాళ్లపని చేసేవాడు, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కడుతుంటే ఆ కూలీల మధ్య సువార్త వినిపించింది. లూథరన్ మిషనరీలు 1845 నాటికే రాజమండ్రిలో ఉన్నారు. అదే రాజమండ్రిలో 1938లో ముంగమూరి దేవదాసు అయ్యగారు బైబిలు మిషను ప్రారంభించి, దేవుని సన్నిధిలో కనిపెట్టడం, అంటే మౌనంగా ఎదురుచూస్తూ కూర్చోవడం, విశ్వాసులకు నేర్పారు. ఇదంతా విన్నాక మా అమ్మాయి స్కూల్లో ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతోంది, మా ఊళ్లో ఈ ప్రార్థన దాదాపు రెండు వందల ఏళ్లుగా ఉందని.

అయితే ముత్తాత నమ్మాడని మునిమనవరాలికి నమ్మకం వచ్చేయదు. చరిత్ర తెలిస్తే తలెత్తుకుని తిరగొచ్చు. యేసుతో పరిచయం మాత్రం ఎవరికి వాళ్లు చేసుకోవాల్సిందే.

మా అమ్మ తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తుంది. ముఖం కడుక్కుని, వసారాలో చాప వేసుకుని, గోడకు ఆనుకుని కూర్చుంటుంది. బైబిలు అట్ట ఎప్పుడో ఊడిపోయింది, రబ్బరు బ్యాండు వేసి ఉంచుతుంది. పేజీల మధ్య చీటీలుంటాయి. ఒకదాని మీద వీధి చివరి అమ్మాయి కాన్పు, ఇంకోదాని మీద కువైట్ వెళ్లిన ఆవిడ జీతం, పాస్టరుగారి మోకాలు నొప్పి, మా పిల్లల పరీక్షలు. ఒక కీర్తన పైకి చదివి, ఆ తర్వాత పక్కన మనిషి కూర్చున్నట్టే మాట్లాడుతుంది. హాల్లో పడుకున్న పిల్లలకు ప్రతి మాటా వినిపిస్తుంది.

ఒక జూన్‌లో రాత్రంతా గాలివాన, కరెంటు పోయింది. మా తమ్ముడికి రొయ్యల చెరువుంది. నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, అందులోనూ తెల్లవారుజామున మరీ తగ్గిపోతుంది. ఆ రాత్రే జనరేటరు మొరాయించింది. పొద్దున అమ్మ ప్రార్థన మా చిన్నవాడు దుప్పట్లోంచి విన్నాడు. "ప్రభువా, జనరేటరు పనిచేయలేదు. పిల్లోడు రాత్రినుంచీ గట్టుమీదే ఉన్నాడు. అప్పు తెచ్చి వేశాడు తండ్రీ, నీకు తెలుసు. ఆ మెకానిక్కును తొందరగా పంపించు." వాడు లేచి వెళ్లి పక్కన కూర్చున్నాడు. "అమ్మమ్మా, దేవుడికి ఏరియేటర్ల గురించి కూడా చెప్పొచ్చా?" అన్నాడు. "ఇంకెవరికి చెప్పమంటావు నాన్నా? చేపలు పడక ఖాళీగా ఉన్న పేతురు వలలు చూసినవాడు కాదా ఆయన?" అంది అమ్మ.

మెకానిక్ వచ్చేసరికి ఆలస్యమైంది. రొయ్య తేలిపోయింది, పంట సగానికి పైగా పోయింది. మర్నాడు తెల్లవారుజామున అమ్మ మళ్లీ అదే చాప మీద కూర్చుని, జరిగింది జరిగినట్టు ఆయనకే చెప్పి ఏడ్చింది. చిన్నవాడు ఊరుకోలేదు. "నువ్వు అడిగింది ఆయన వినలేదా?" అన్నాడు. "విన్నాడు నాన్నా. ఎందుకిలా అయ్యిందో నాకు తెలీదు. ఆయన్నే అడుగుతున్నా" అంది. మా తమ్ముడు కొన్నాళ్లు కుటుంబ ప్రార్థనలో కూర్చోలేదు. అమ్మ బలవంతం చేయలేదు, వాడికి అన్నం పెట్టేటప్పుడు కూడా ఆ మాటెత్తలేదు. వాడంతట వాడే వచ్చి కూర్చునేదాకా ఆగింది.

పిల్లలకు ఇది చూపించగలిగినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను. ప్రార్థిస్తే అన్నీ సవ్యంగా జరుగుతాయని మాత్రమే నేర్పితే, మొదటి దెబ్బకే పిల్లలు ప్రార్థన మానేస్తారు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన మొదలవుతుంది. దేవుణ్ణి ఇలా నిలదీసిన మాటలు దేవుని గ్రంథంలోనే ఉన్నాయని పిల్లలకు తెలియాలి. మా చిన్నవాడికి ఇప్పుడు ఆ కీర్తన నోటికొచ్చు. దానికి బహుమతి ఎవరూ ఇవ్వలేదు.

పెద్దదానికి దారి వేరేగా దొరికింది. నరసాపురం చుట్టుపక్కల ఆడవాళ్లు చాలామందికి లేసు అల్లడం వచ్చు, మిషనరీ కుటుంబాల ఆడవాళ్లు నేర్పిన పని అది. అమ్మ మధ్యాహ్నాలు అల్లుతూ, ఒక్కో వరసకు ఒక్కో మనిషిని తలుచుకుని ప్రార్థిస్తుంది. మా అమ్మాయి పక్కన కూర్చుని సూది పట్టడం నేర్చుకుంది. డాలస్‌లో ఇప్పుడు తన గదిలో అల్లుతూ స్నేహితుల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటుంది. ఏమని ప్రార్థిస్తుందో నేను అడగను. తలుపు వేసుకుని రహస్యమందున్న తండ్రికి ప్రార్థన చేయమని యేసే చెప్పాడు, మత్తయి 6వ అధ్యాయంలో. పద్నాలుగేళ్ల పిల్లకు ఆ మాట ఎంత హాయో. ఆ వయసు పిల్లల్ని అందరి ముందూ గట్టిగా ప్రార్థించమని ఒత్తిడి చేసే పెద్దలను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

మేం రోజూ చేసేది కొంచెమే. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు దేవుని మాటలు పిల్లలతో మాట్లాడమంటుంది ద్వితీయోపదేశకాండము. మాకు దారి అంటే కారు. స్కూలుకు వెళ్తూ ఆ రోజు భయపెడుతున్నదేమిటో ఒక్కొక్కరం యేసయ్యకు ఒక్క మాటలో చెప్పుకుంటాం, వీలైన భాషలో. రాత్రి మార్కు సువార్తలో చిన్న భాగం. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించిన సంగతి మొదటి అధ్యాయంలోనే ఉంది. "ఆయనే దేవుడు కదా, ఆయనకెందుకు ప్రార్థన?" అని చిన్నవాడు అడిగాడు. తండ్రితో గడపాలని ఆయనకు ఇష్టం అన్నారు మావారు. అంతకంటే పెద్ద జవాబు ఆ రాత్రికి అక్కర్లేదు.

అన్నిటికంటే ముఖ్యం, పెద్దవాళ్లం ప్రార్థించడం పిల్లల చెవిన పడాలి. మావారి ఆఫీసులో ఉద్యోగాలు తీసేస్తున్నారని తెలిసిన రోజు గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు, ఇల్లు అప్పులో ఉంది. ఆయన రాత్రి బల్ల దగ్గరే కూర్చుని, "ప్రభువా, నాకు భయంగా ఉంది, నిద్ర పట్టడం లేదు" అన్నారు. పిల్లలిద్దరూ అక్కడే ఉన్నారు. నాన్నకు భయం వేస్తుందని, ఆ భయం చెప్పుకోవడానికి నాన్నకు ఒకరున్నారని వాళ్లు అప్పుడే చూశారు. ఆ వారమంతా చిన్నవాడు కారులో తన భయాల బదులు నాన్న ఉద్యోగం గురించే చెప్పాడు. ఉద్యోగం నిలిచింది. పోయినా అదే బల్ల దగ్గర కూర్చునేవాళ్లం.

డిసెంబరులో లూకా సువార్త చదువుతాం. 24 అధ్యాయాలు, రోజుకొకటి చొప్పున 24వ తేదీకి పూర్తవుతుంది. మాకు రాత్రి ఎనిమిదైతే అమ్మకు మర్నాడు పొద్దున ఏడున్నర, వీడియో కాల్‌లో కలుస్తుంది. పెద్దది ఇంగ్లీషులో చదువుతుంది, చిన్నవాడు తెలుగులో కూడబలుక్కుంటాడు, తప్పు పోతే అమ్మ అందుకుంటుంది. మొదటి అధ్యాయమే 80 వచనాలు, పిల్లలు ఒక్క రాత్రిలో కూర్చోలేరు. దాన్ని రెండు రాత్రులకు పంచి, ఈసారి నవంబరు 30నే మొదలుపెడతాం.