పఠాన్‌పురా గల్లీలో పొద్దున్నే టైర్లు మార్పించుకున్న వైనం

చాందా (మహారాష్ట్రలోని చంద్రపూర్) కోటకు నాలుగు దర్వాజాలు, అయిదు కిటికీలు (చిన్న ద్వారాలు). గోండు రాజు ఖాండ్క్యా బల్లాళ్ షా మొదలుపెట్టిన గోడ అది. బయట ఊరు ఎంత పెరిగినా జట్‌పురా దర్వాజా మాత్రం పెరగలేదు. ఏనుగు పట్టే ఆ దర్వాజాలో సాయంత్రం ఆరింటికి రెండు ఆటోలు పక్కపక్కన పట్టవు. 2025 ఏప్రిల్ మూడో వారంలో, ఒక శుక్రవారం, అక్కడే ఆటోకు దారి ఇవ్వబోయి స్టీరింగ్ ఎడమకు తిప్పాను. ముందు చక్రం అంచు రాయికి గీసుకున్న చప్పుడు వినపడింది. బండి మామూలుగానే నడిచింది కదా అని ఇంటికి వచ్చేశాను.

తెల్లారి చూస్తే కారు ఒక పక్కకు ఒరిగి ఉంది. టైరు పక్కగోడ మీద అంగుళం పొడుగు చీలిక, అందులోంచి తెల్లటి దారాలు కనిపిస్తున్నాయి. నేల మీద ఆనే భాగంలో మేకు దిగితే పంక్చర్ వేస్తారు. పక్కగోడ కోసుకుపోతే దానికి మందు లేదు, టైరు మార్చాల్సిందే. సరే, స్టెప్నీ ఉందిగా అనుకుని డిక్కీ తెరిచాను. 2018లో కారుతో వచ్చిన స్టెప్నీ అది, ఒక్కసారి కూడా దించలేదు. గాలి లేదు. పంపుతో కొడితే వాల్వు మొదట్లోంచి బుసబుసమని బయటికే పోతోంది. రబ్బరు ఎండి పగిలిపోయింది.

ఆదివారం పదకొండింటికి ఆసిఫాబాద్‌లో మా చిన్నమ్మ కూతురి పెళ్లి.

ఇంటికొచ్చి టైరు వేసేవాళ్లు ఉన్నారని తెలిసి ఫోన్‌లో బుక్ చేశాను. కారు పేరు, పిన్‌కోడ్ అడిగారు, అయిదు వందలు అడ్వాన్స్ కట్టించుకున్నారు. ఇంకేం అడగలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు. మధ్యాహ్నం రెండింటికి, మాడిపోయే ఎండలో, ఒక కుర్రాడు బైక్ మీద టైరు కట్టుకుని వచ్చాడు. సైజు సరిపోయింది, 165/80 ఆర్ 14. కొత్త స్టిక్కర్ కూడా మెరుస్తోంది. కానీ పక్కగోడ మీద చిన్న కోడిగుడ్డు ఆకారపు గీతలో 1120 అని ఉంది. ఆ నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అంటే 2020లో పదకొండో వారం సరుకు. అయిదేళ్లు ఏ గోదాములో మగ్గిందో. "వాడనిదే కదా సర్, కొత్తదే" అన్నాడు. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది, మా స్టెప్నీయే సాక్ష్యం. వద్దన్నాను. ఆ అయిదు వందలు ఇంతవరకూ తిరిగి రాలేదు.

సాయంత్రం బల్లార్‌పూర్‌లో ఉండే మా బావ ఒక నంబరు ఇచ్చాడు. వ్యాన్‌లోనే మెషీన్లు పెట్టుకుని తిరిగే మనిషట. ఇతను మరాఠీలో వేసిన ప్రశ్నలకు నాకు ప్రాణం లేచి వచ్చింది. టైరు పక్కగోడ ఫొటో పంపమన్నాడు. డ్రైవర్ డోరు తీస్తే కనిపించే, ఎంత గాలి కొట్టాలో రాసి ఉండే స్టిక్కర్ ఫొటో కావాలన్నాడు. కారు నిలిపిన చోట నేల చదునేనా, తారా, సిమెంటా, గల్లీలోకి వ్యాన్ వస్తుందా, వీడియో తీసి పెట్టమన్నాడు. మిగతా మూడు టైర్ల గాడుల్లో రూపాయి బిళ్ల పెట్టి ఫొటోలు తీయించాడు. నేల సంగతి అడిగినవాడికి పని తెలుసు అని మా బాపు (నాన్న) అప్పుడే తేల్చేశాడు. బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు జాకీలతోనే బతికిన మనిషి మరి.

ముందు రెండు టైర్లూ ఎలాగూ అరిగాయని, గాడుల మధ్య ఉండే చిన్న గుర్తుకు రబ్బరు దాదాపు సమానమైందని చెప్పాడు. ఆ గుర్తు ఎత్తు 1.6 మిల్లీమీటర్లు, అంతకు దిగితే చట్టప్రకారం కూడా టైరు పనికిరాదు. జత మార్చడానికి ఒప్పుకున్నాను. ఒక్కోటి 4,900, రాకపోకల ఖర్చు మూడు వందలు. అప్పటికి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం. సెప్టెంబర్ 22న 18కి దిగింది. అయిదు నెలలు ఆగితే ఏడెనిమిది వందలు మిగిలేవని అమ్మ ఇప్పటికీ అంటుంది, పెళ్లి కూడా సెప్టెంబర్‌కు జరుపుకోవాల్సింది అన్నట్టు.

ఆదివారం అయిదున్నరకే వచ్చాడు. ఎండ ఎక్కితే తారు మెత్తబడి జాకీ దిగబడుతుందట. వ్యాన్ గల్లీ మలుపు దగ్గరే ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేక్ వేయించి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ కింద పాత టేకు చెక్క ఒకటి పరిచాడు. కారు లేపకముందే పానాతో నట్లన్నీ కొంచెం కొంచెం వదులు చేశాడు. గాల్లోకి లేచాక గట్టిగా లాగితే కారు జాకీ మీంచి జారుతుంది. విప్పిన చక్రాన్ని చిన్నపిల్లల్లా చేత్తో కొడుతూ గల్లీ చివరిదాకా దొర్లించుకుపోయాడు.

కొత్త టైర్ల మీద 0625 చూసి నా టెన్షన్ సగం దిగింది. రిమ్ము అంచుకు సబ్బునీళ్లు రాసి, టైరు ఎక్కించి, కొత్త వాల్వు వేసి గాలి కొట్టాడు. టప్ మని ఒకటి, కాసేపటికి టప్ మని ఇంకోటి. రెండు వైపులా అంచులు కూర్చున్నాయన్నమాట. తర్వాత బ్యాలెన్సింగ్, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా ఉందో లేదో చూడటం. మెషీన్ మీద చక్రం తిరిగి ఆగింది, 25 గ్రాముల తేడా చూపింది. బరువు ముక్క అంటించి మళ్లీ తిప్పితే సున్నా.

అక్కడే మా ఇద్దరికీ పేచీ వచ్చింది. కొత్తవి ముందు వేయమన్నాను, ఇంజన్ లాగేది ముందు చక్రాలనే కదా. వెనకే వేయాలన్నాడు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే స్టీరింగ్ వదులైనట్టు మనకు తెలుస్తుంది, కాలు తీస్తాం. వెనకవి జారితే తెలిసేలోపే కారు తిరిగిపోతుంది. మరాఠీలో ఇది వివరిస్తుండగా అమ్మ చాయ్ తెచ్చి, "తాగు బిడ్డా, చల్లారుతది" అంది. "ఉండనీ అమ్మా, చేతులు కడుక్కుంట" అన్నాడు. సిరోంచ వాళ్లట, తెలుగువాళ్లే. రాత్రి నుంచీ ఇద్దరం నా వచ్చీరాని మరాఠీతో తంటాలు పడ్డాం. ఆ తర్వాత వాదన తొందరగానే తెగింది, నేనే ఓడిపోయాను. వెనకవి ముందుకు, కొత్తవి వెనక్కు. స్టెప్నీకి అరవై రూపాయలతో వాల్వు మార్చాడు. "ఇది పక్క షాపు దాకే అన్నా, ఆసిఫాబాద్ దాకా కాదు" అన్నాడు.

నట్లు ఎదురెదురుగా బిగించి, చివరికి, కావలసినంత బిగువు రాగానే టక్ మనే టార్క్ పానా పట్టాడు. టక్ మంటే ఆగాలి, ఇంకో దెబ్బ వేయకూడదు. చల్లటి టైర్లలోనే గాలి చూసి, స్టిక్కర్ మీద ఉన్నంతే పెట్టాడు. గాలికి బదులు నైట్రోజన్ నింపే సంగతి అడిగితే నవ్వి, మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉందన్నాడు. చక్రాల దిశ సరిచేసే అలైన్‌మెంట్ మాత్రం వ్యాన్‌లో కాదు, చదునైన ర్యాంప్ ఉన్న షాపులోనే చేయించమన్నాడు. పెళ్లయ్యాక చేయించాను. డబ్బులు తీసుకుని వెళ్తూ చీలిన టైరును కూడా వ్యాన్‌లో వేసుకున్నాడు. వానాకాలం నీళ్లు నిలిచి దోమలొస్తాయని అమ్మే పట్టుబట్టి ఇచ్చేసింది.

ఏడుంబావుకు బయల్దేరాం. యాభై, అరవై కిలోమీటర్లు పోయాక నట్లు ఒకసారి చూసుకోమన్నాడు కాబట్టి రాజురా దాటి లక్కడ్‌కోట్ దగ్గర ఆపాను. పట్టుచీరలో అమ్మ చెట్టు నీడన నిలబడి టైం చూసుకుంటూ ఉంది. బాపు పానా నా చేతిలోంచి లాక్కుని పదహారు నట్లూ తానే చూశాడు. ఎడమవైపు వెనక చక్రానికి ఒక్క నట్టు మాత్రం పావు తిప్పు తిరిగింది. మిగతావి కదల్లేదు.