ఆబర్న్‌లో సీవార్డ్ ఇంట

న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నుంచి కారులో పడమరగా వెళితే గంటలోపే ఆబర్న్ వస్తుంది. 1867లో రష్యా నుంచి అలాస్కాను 72 లక్షల డాలర్లకు కొన్న విదేశాంగ మంత్రి విలియం హెన్రీ సీవార్డ్ నివసించిన ఊరు అది.

సౌత్ స్ట్రీట్‌లోని ఆ ఇటుకల భవనం నిజానికి ఆయన మామగారిది. 1801లో పుట్టి, 1822లో న్యాయవాదియై, మరుసటి ఏడు ఆబర్న్ చేరిన సీవార్డ్, జడ్జి ఎలైజా మిల్లర్ దగ్గర భాగస్వామిగా ప్రాక్టీసు పెట్టి, 1824లో ఆయన కూతురు ఫ్రాన్సెస్‌ను పెళ్లాడాడు. కూతురు తన ఇల్లు విడిచి వెళ్లకూడదని మిల్లర్ షరతు పెట్టాడు. గవర్నరై, సెనేటరై, లింకన్ మంత్రివర్గంలో ప్రముఖుడైనా, సొంత ఊళ్లో మాత్రం సీవార్డ్ ఇల్లరికపుటల్లుడే!

మేడ మీది నడవాలో దేశదేశాల పాలకుల, రాయబారుల చిత్రాలు వందకు పైగా బారులు తీరి ఉన్నాయి. పదవి దిగాక ప్రపంచయాత్ర చేస్తూ ఆయన 1871లో భారతదేశానికీ వచ్చాడు. అంతకు ముందు, లింకన్‌ను కాల్చిన రాత్రే ఈయనపైనా కత్తిదాడి జరిగింది. చెంప మీది ఆ గాటు తరువాతి ఫొటోల్లో తెలుస్తుంది.

నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది మాత్రం 1846 నాటి ఒక హత్యకేసు. విలియం ఫ్రీమన్ అనే నల్లజాతి యువకుడు, తాను చేయలేదని మొత్తుకున్న గుర్రం దొంగతనానికి ఆబర్న్ జైలులో ఏళ్ల తరబడి మగ్గి, అక్కడ తిన్న దెబ్బలకు చెవుడు వచ్చి, మతి చెడి బయటపడ్డాడు. ఆ తరువాత ఒక ఇంట్లో చొరబడి, పసివాడితో సహా నలుగురిని చంపాడు. ఊరంతా అతణ్ణి ఉరితీయమని రగిలిపోతుండగా, అంతకుముందే గవర్నరుగా చేసిన సీవార్డ్ ఫీజు ఆశించకుండా అతడి పక్షాన నిలిచి, మతిస్థిమితం లేనివాడికి మరణశిక్ష తగదని వాదించాడు. తన సమాధి మీద ఎవరైనా ‘నమ్మకం నిలుపుకున్నవాడు’ అని చెక్కితే చాలునని ఆ వాదనలోనే అన్నాడు. జ్యూరీ వినలేదు. పైకోర్టు ఆ తీర్పును కొట్టివేసినా, మళ్లీ విచారణ జరగకముందే, 1847లో ఫ్రీమన్ జైలులోనే చనిపోయాడు. అతడు మొదట మగ్గిన ఆబర్న్ జైలు ఇప్పటికీ నడుస్తోంది. ఫోర్ట్ హిల్ శ్మశానంలో సీవార్డ్ సమాధి మీద ఆయన కోరిన మాటే ఉంది.

సీవార్డ్ ఇల్లున్న సౌత్ స్ట్రీట్‌లోనే ఇంకా దక్షిణానికి వెళితే, ఎందరో బానిసలను తప్పించి విడిపించిన హారియెట్ టబ్‌మన్ నివాసస్థలం వస్తుంది. పారిపోయి వచ్చిన బానిసలకు తోడ్పడితే జరిమానా, జైలు తప్పని 1850 నాటి చట్టం అమలులో ఉండగానే, సెనేటర్‌గా ఉన్న సీవార్డ్, స్వయంగా బానిసత్వం నుంచి తప్పించుకొచ్చిన ఆమెకు 1859లో సుమారు ఏడెకరాల భూమిని 1,200 డాలర్లకు వాయిదాల మీద అమ్మాడు. సభలో ఎంత గట్టిగా మాట్లాడినా, చట్టానికి ఎదురుగా సంతకం చేయడానికి వేరే గుండె కావాలి. ఆబర్న్ వెళ్లేవారు ముందు సీవార్డ్ ఇల్లు చూసి, ఆ తరువాత ఇక్కడికి వస్తే ఆ దస్తావేజు విలువ బాగా తెలుస్తుంది. రెండింటికీ ఒక పూట సరిపోతుంది.